వర్ణాలు వచ్చాక ఏం చేయాలి: కచేరీకి, ఆపై గాత్రం పాఠానికి సిద్ధం కావడం ఎలా

సరళీ స్వరాల నుంచి వర్ణాలదాకా వచ్చారు. పాతిక ముప్పై కృతులు పుస్తకం చూడకుండా పాడతారు. పుష్య బహుళ పంచమికి ఊళ్లో జరిగే త్యాగరాజ ఆరాధనలో, పంచరత్నాల గోష్ఠిలో గొంతు కలుపుతారు. అక్కడి నుంచి వేదిక మీద ఒంటరిగా గంటన్నర కూర్చోవడానికి దారేమిటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఇంకో పాతిక కృతులు నేర్చుకుంటే కచేరీ దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. రాదు. కచేరీ వచ్చినవాళ్లకు పాఠం చెప్పడం కూడా వచ్చేసినట్టే అనుకుంటారు. అదీ రాదు. గొంతు ఒకటే అయినా ఈ రెండు పనులకూ సాధన వేరు. అందుకే ఇక్కడ విడివిడిగా చెబుతున్నాం.

ముందు మీ శ్రుతి తేల్చుకోండి

గురువుగారి శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జం) మీ శ్రుతి కానక్కర్లేదు. చిన్నప్పుడు పెట్టిన శ్రుతే ఇప్పటికీ ఉండాలన్న నియమం కూడా లేదు. మగవారికి సాధారణంగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవారికి నాలుగున్నర నుంచి ఆరు మధ్య కుదురుతుంది. ఒకటి అంటే హార్మోనియం మీద 'సి' మెట్టు, ఒకటిన్నర అంటే దాని పక్క నల్ల మెట్టు, ఐదు అంటే 'జి'.

పరీక్షించే పద్ధతి ఇది. అర మెట్టు తేడాతో మూడు శ్రుతులు ఎంచుకోండి. బాగా వచ్చిన ఒకే వర్ణాన్ని మూడింటిలోనూ పాడి రికార్డు చేయండి. వారంపాటు, ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం. విన్నప్పుడు రెండే చూడండి. మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') గాలిలా పోకుండా స్వరంలా వినబడుతోందా? తార గాంధారం (పై స్థాయి 'గ') మీద నాలుగు క్రియలపాటు (తాళంలో ఒక్కో దెబ్బ లేదా వేలి లెక్క ఒక క్రియ) అరవకుండా నిలబడగలుగుతున్నారా? రెండూ కుదిరిన శ్రుతి మీది. గొంతు మెరుస్తుందని అర మెట్టు పైకి పెట్టుకోవడం యువ గాయకులు ఎక్కువగా చేసే పొరపాటు. మొదటి అరగంట బాగానే ఉంటుంది. ప్రధాన కృతి చరణంలో తారస్థాయికి వెళ్లేసరికి మెడ నరాలు బిగుస్తాయి, శారీరం (గొంతు నాదం) పలచబడుతుంది. అనుమానంగా ఉంటే కిందిదే ఖాయం చేసుకోండి.

రోజూ గంటన్నర

ఎక్కువ చేయగలిగితే మంచిదే, కానీ రోజు తప్పకుండా చేసే గంటన్నర ఆదివారాల్లో చేసే ఐదు గంటలకన్నా మేలు. మొదటి 10 నిమిషాలు మంద్రస్థాయి: షడ్జం నుంచి మెట్టు మెట్టుగా పంచమానికి దిగి, ఒక్కో స్వరం మీద ఊపిరి ఉన్నంతసేపు ఆగడం. తర్వాత 20 నిమిషాలు సరళి, జంట స్వరాలు అకారంలో ('ఆ' అంటూ), మూడు కాలాల్లో. 15 నిమిషాలు ఒక వర్ణం, మొత్తం అకారంలోనే. 20 నిమిషాలు మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడటం). 15 నిమిషాలు కొత్త కృతి. చివరి 10 నిమిషాలు ఆ రోజు పాడింది వినడం. ఈ చివరిదే అందరూ ఎగ్గొట్టేది. అపస్వరం పాడుతున్నప్పుడు మీ చెవికి అందదు, పుర్రె లోపలి నుంచి వచ్చే శబ్దం దాన్ని కప్పేస్తుంది. ఫోను రికార్డింగు కప్పదు.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి మొదటి కాలంలో క్రియకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పాడండి. మూడో కాలంలో జంట స్వరాల రెండో స్వరానికి ఊనిక విడిగా వినబడకపోతే అవి జంటలు కావు, సాగదీసిన సరళి మాత్రమే. అప్పుడు వేగం 50కి దించండి. వర్ణం అకారంలో పాడించడానికి కారణం ఉంది. స్వరాల పేర్లు పలుకుతున్నంతసేపు ఆ హల్లులు గొంతు తప్పులను మూసేస్తాయి. 'ఆ' అన్నప్పుడు మూసేందుకు ఏమీ మిగలదు.

గొంతు సంగతి. సాధనకు ముందు, మధ్యలో గోరువెచ్చని నీళ్లు. రాత్రి ఆలస్యంగా, కారంగా తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం గొంతుదాకా వచ్చి పొద్దున బొంగురుపోతుంది. సాధకులు ఇది జలుబనుకుని మిరియాల కషాయం తాగి ఇంకా మంట పెంచుకుంటారు. మాటిమాటికీ గొంతు సవరించుకోకండి, దానికి బదులు ఒక గుటక మింగండి. గొంతు నొప్పిగా ఉన్నప్పుడు తిమ్మిరెక్కించే బిళ్లలు చప్పరించి పాడటం అన్నిటికన్నా చెడ్డది. దెబ్బ తగులుతున్నా తెలియదు. గుసగుసలాడటం గొంతుకు విశ్రాంతి కాదు, ఊరుకోవడమే విశ్రాంతి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ వైద్యుల దగ్గర స్వరతంత్రులు చూపించుకోండి, ఎవరో చెప్పిన చిట్కాలతో సరిపెట్టకండి.

మనోధర్మం దగ్గర దారి రెండుగా చీలుతుంది

కృతులు పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కచేరీ చేసేవాళ్లు ఎందుకు తక్కువంటే ఆలాపన (మాటలు, తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం), నెరవు (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పాడటం), కల్పన స్వరం (అప్పటికప్పుడు కట్టే స్వరాలు) దగ్గర ఆగిపోతారు కాబట్టి. ఇవి పుట్టుకతో వచ్చేవని చెప్పేవారి మాట పట్టించుకోకండి. మెట్టు మెట్టుగా కట్టుకునేవే.

ఆలాపనకు మోహనతో మొదలుపెట్టండి. తర్వాత కల్యాణి, శంకరాభరణం, ఖరహరప్రియ. తోడిని తొందరపడి ముట్టుకోకండి. మీకు వచ్చిన మోహన వర్ణంలో, కృతుల్లో రాగం పేరు చెప్పకుండానే రాగం తెలిసిపోయే ప్రయోగాలు ఇరవై ఏరి రాసుకోండి. వాటిని నాలుగు గుంపులు చేయండి: షడ్జం చుట్టూ తిరిగేవి, గాంధార పంచమాల మధ్యవి, తార షడ్జాన్ని చేరేవి, తారస్థాయిలోవి. ఎనిమిది నిమిషాల ఆలాపనలో ఒక్కో గుంపుకు రెండేసి నిమిషాలు. మొదటి నెలలో తారస్థాయికి వెళ్లనే వెళ్లకండి. కొత్తవాళ్లు మూడో నిమిషంలోనే తార షడ్జం పట్టేసి, తర్వాత చెప్పడానికేమీ లేక కిందికీ పైకీ బిర్కాలు (వేగమైన స్వరాల దొంతరలు) కొడుతూ ఉంటారు.

కల్పన స్వరంలో తాళం తప్పడానికి భయం ఎంత కారణమో లెక్క లేకపోవడమూ అంతే కారణం. ఆదితాళం ఒక కళలో ఎనిమిది క్రియలు, క్రియకు నాలుగు చొప్పున 32 మాత్రలు. లఘువుకు 16, రెండు ద్రుతాలకు కలిపి 16. ఒక నాలుగు స్వరాల ముక్క తీసుకోండి, మోహనలో 'గ ప ద స' అనుకుందాం. దాన్ని మూడుసార్లు పాడి, మధ్యలో రెండేసి మాత్రల విరామం ఇవ్వండి: 4+2+4+2+4, మొత్తం 16. లఘువు అయిపోయి మొదటి ద్రుతం పడే చోట దీన్ని మొదలుపెడితే సరిగ్గా సమానికి (తాళం మొదటి దెబ్బకు) వచ్చి వాలుతుంది. పల్లవి సమం మీద కాకుండా అర క్రియ తర్వాత ఎత్తుకునేదైతే? అర క్రియ అంటే రెండు మాత్రలు. విరామాలను మూడేసి చేయండి: 4+3+4+3+4, అంటే 18. అదే చోట మొదలుపెట్టినా పల్లవి ఎడుపు (ఎత్తుకునే చోటు) మీదే పడుతుంది. ఈ ఒక్క ముక్తాయిని (ముగింపు లెక్కను) పది రాగాల్లో కళ్లు మూసుకుని వేయగలిగేదాకా ఇంకోటి కట్టకండి. వేదిక మీద కొత్త లెక్క వేయడం మృదంగ విద్వాంసులకే చెల్లు.

నెరవుకు సాహిత్యంలో ఏ పంక్తి తీసుకుంటారన్నది తెలుగువారికి ప్రత్యేకమైన బాధ్యత. మన చెవికి అర్థం తెలుసు. మాటను మధ్యలో విరిచి ఊపిరి తీసుకుంటే, సగం మాట మీద మూడు ఆవర్తాలు తిప్పితే తెలుగు శ్రోత ముఖం చిట్లిస్తాడు. ముందు పంక్తిని పదవిభాగం చేసి రాసుకోండి. ఊపిరి ఎక్కడ తీయాలో గీత పెట్టుకోండి. అర్థం ఆ పంక్తిలోనే ముగిసేదై, తాళంలో విశాలంగా పరుచుకునేదై ఉండాలి.

గంటన్నర కచేరీ కట్టడం

ఇప్పుడు మనం వినే కచేరీ క్రమానికి రూపం ఇచ్చినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగారని సంగీత లోకం చెప్పుకుంటుంది. మొదటి కచేరీకి దాన్ని కదపకండి. వర్ణం 6 నిమిషాలు. గణపతి మీద కృతి, నాలుగు ఆవర్తాల స్వరంతో, 7. విలంబం (నెమ్మది నడక) కాని ఒక చిన్న కృతి 8. ఉప ప్రధానం ఆలాపనతో 16. ప్రధానానికి ముందు సభను లేపే వేగమైన కృతి 4. ప్రధాన కృతి ఆలాపన, నెరవు, స్వరం, తని ఆవర్తనంతో (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) కలిపి 38. ఆపై పదమో కీర్తనో జావళియో, రెండు, 9 నిమిషాలు. మంగళం 2. మొత్తం తొంభై.

రాగాల వరుసలో ఒకటే నియమం గుర్తుంచుకుంటే చాలు: పక్కపక్కన పెట్టిన రెండు రాగాలు చెవికి దగ్గరి చుట్టాలు కాకూడదు. హంసధ్వని తర్వాత వెంటనే శంకరాభరణం పెడితే రెండోది తేలిపోతుంది. కల్యాణి, పూర్వికల్యాణి, పంతువరాళి లాంటి ప్రతిమధ్యమ (హెచ్చు 'మ' ఉన్న) రాగం ఒకటైనా ఉండాలి, వెంట వెంట రెండు వద్దు. అన్నీ ఆదితాళంలో ఉంటే మృదంగం వాయించేవారికి విసుగు, రూపకం ఒకటి, మిశ్రచాపు ఒకటి రానివ్వండి. తనికి ఆదితాళమే సుఖం. మొదటిసారే మిశ్రచాపులో తని ఇచ్చి తాళం వేస్తూ దారి తప్పినవాళ్లు తక్కువేం కాదు. తని జరుగుతున్నంతసేపు మీ పని తాళం నిలబెట్టడమే, నీళ్లు తాగడానికి కూడా ఎడమ చెయ్యే వాడండి.

పక్కవాద్యాలు, మైకు

పక్కవాద్యం వారిని అడిగేటప్పుడు తేదీ, వేదికతో పాటు మీ శ్రుతి తప్పకుండా చెప్పండి. హెచ్చు శ్రుతి మృదంగం, తగ్గు శ్రుతి మృదంగం వేరు వేరు వాద్యాలు. ఒకటి శ్రుతికి తెచ్చినది ఐదుకు ఎక్కదు. వయొలిన్ వారికీ తీగల బిగువు మారుతుంది. ఆలాపన చేసే రాగాలు, ప్రధాన కృతి ఎడుపు ముందే చెప్పడం తప్పేమీ కాదు. వాళ్ల పారితోషికం, ప్రయాణం ఖర్చు ఎవరిస్తారో, మీరో సభవారో, ముందే తేల్చుకోండి. కచేరీ అయ్యాక వేదిక వెనక ఈ మాట వస్తే మళ్లీ మీ పక్కన కూర్చోరు.

వయొలిన్ మీకు ఎడమవైపు, మృదంగం కుడివైపు. అప్పుడు మృదంగం వలంతల (కుడిచేత్తో వాయించే ముఖం) సభ వైపు ఉంటుంది. ఎడమచేతి వాటం విద్వాంసులైతే ఇది తారుమారవుతుంది. పావుగంట ముందే శ్రుతి చేసుకుని కూర్చోండి. ఏసీ హాల్లోకి రాగానే మృదంగం శ్రుతి మారుతుంది, తంబుర తీగలూ అంతే. శ్రుతికి ఫోను వాడుతుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆలాపన మధ్యలో ఫోను మోగి శ్రుతి ఆగిపోతే సభ నవ్వుతుంది, మీరు నవ్వలేరు.

మైకు నోటికి జానెడు లోపు, గడ్డం ఎత్తులో, కాస్త పక్కకు. తారస్థాయికి వెళ్లినప్పుడు తల వెనక్కి జరిపితే చాలు, గొంతు తగ్గించకండి. మీ ముందున్న స్పీకరులో మీ గొంతుకన్నా శ్రుతి ఎక్కువ వినబడేలా చేయమని సౌండు అబ్బాయిని అడగండి. అతను ఎకో పెంచితే వద్దనండి. గమకాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దవుతాయి.

వేదికలు, గ్రేడు, కాగితాలు

మొదటి వేదిక పెద్ద సభ కానక్కర్లేదు. గుళ్లో నవరాత్రులు, ఊరి ఆరాధనోత్సవం, మీ గురువుగారి శిష్యబృందం కార్యక్రమం, ఇవి అరగంట నుంచి ముప్పావుగంట ఇస్తాయి. అలాంటివి నాలుగైదు అయ్యాకే గంటన్నరకు ఒప్పుకోండి. డబ్బు కట్టించుకుని వేదిక ఇచ్చే చోట్లకు మా సలహా ఒక్కటే: ఆ డబ్బుతో మంచి వయొలిన్, మృదంగం వారిని పిలిచి ఇంట్లో ఇరవైమంది ముందు పాడండి. ఎక్కువ నేర్చుకుంటారు.

ఆకాశవాణి గ్రేడుకు ఇప్పటికీ విలువ ఉంది. బి, బి హై, ఎ, టాప్ అని నాలుగు అంతస్తులు. ఆడిషన్ దరఖాస్తుతో పాటు మీరు పాడగల రాగాల, కృతుల జాబితా ఇవ్వాలి. అందులోంచి వాళ్లు అడిగింది పాడాలి. ఇక్కడ చాలామంది జాబితాను బారుగా రాసి చిక్కుకుంటారు. నిద్రలో లేపినా పాడగలిగేవే రాయండి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే ఉపకారవేతనం 18 నుంచి 25 ఏళ్ల వారికి, రెండేళ్లపాటు. పిల్లలకు సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) ఇచ్చేది 10 నుంచి 14 ఏళ్ల మధ్య. వయసు దాటాక తెలుసుకుని బాధపడేవారే ఎక్కువ.

బోధనను ఉద్యోగంగా చేయాలంటే కాగితం కావాలి. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల, విజయవాడ ఘంటసాల కళాశాల, హైదరాబాద్ త్యాగరాజ కళాశాల లాంటి ప్రభుత్వ కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, దానిపైన రెండేళ్ల డిప్లొమా. విశ్వవిద్యాలయంలో చెప్పాలంటే ఎంఏ, ఆపై యూజీసీ నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష). కచేరీలు ఎంత బాగా చేసినా ఈ కాగితాలు లేక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేకపోయేవారు ఉంటారు. కాబట్టి ప్రైవేటుగా నేర్చుకుంటున్నా పరీక్షలు కట్టేయండి.

పాఠం చెప్పడం

మొదటి ఏడాది ముగ్గురు నలుగురు పిల్లలు చాలు. వారానికి రెండు పాఠాలు, ఒక్కోటి ముప్పావుగంట. ఐదు నిమిషాలు శ్రుతిలో షడ్జం పట్టించడం, పది నిమిషాలు పాతది ఒక్కొక్కరిచేత విడిగా, పావుగంట కొత్తది, పది నిమిషాలు తాళం, మిగిలిన ఐదు ఇంట్లో ఏం చేయాలో చెప్పడం.

కొత్త గురువులు చేసే అతిపెద్ద తప్పు పిల్లలతో కలిసి పాడటం. మీ గొంతు ఆసరాగా ఉన్నంతసేపు పిల్ల చక్కగా పాడినట్టే ఉంటుంది. మీరు ఆపగానే షడ్జం కూడా దొరకదు. మీరు ఒకసారి, వాళ్లు రెండుసార్లు, మీరు నోరు మూసుకుని. రెండో తప్పు మీ శ్రుతిలో చెప్పడం. ఒకటిలో పాడే గురువుగారి దగ్గర ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుంటే, కింద గొణగాలో పైన అరవాలో దానికి తెలియదు. పిల్లల శ్రుతి ఐదు, ఆరు మధ్య పెట్టి మీరే సర్దుకోండి. కుదరకపోతే వాద్యం మీద చూపించండి.

మాయామాళవగౌళలో పిల్లలు ఎక్కడ జారుతారో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి దూరం ఎక్కువ, అందుకని గాంధారం తక్కువ పడుతుంది. అదే ఇబ్బంది పైన ధైవతం నుంచి కాకలి నిషాదానికి. 'తప్పు' అని ఆపితే లాభం లేదు. మధ్యమం పట్టించి, అక్కడి నుంచి గాంధారానికి దించండి: మ గ, మ గ, మ గ. కింది నుంచి ఎక్కలేని స్వరం పై నుంచి దిగితే దొరుకుతుంది. తర్వాత రి గ మ. నిషాదానికి తార షడ్జం నుంచి ఇదే పని. ఒక పాఠంలో ఒక్క తప్పే దిద్దండి. శ్రుతి, తాళం, ఉచ్చారణ మూడూ ఒకేసారి దిద్దితే మూడూ మిగలవు.

ఉచ్చారణ దగ్గర మనకున్న చనువు వాడుకోండి. కర్ణాటక సంగీతంలో పెద్ద భాగం తెలుగే. 'చాలు'లో చకారం, 'చరణం'లో చకారం ఒకటి కావు. 'జాలి', 'జానకి' కూడా అంతే. ఇవి తెలుగు ఇంట్లో పెరిగినవారికి చెప్పకుండానే వస్తాయి. చెన్నైలోనో న్యూజెర్సీలోనో నేర్చుకునేవారికి మీరే చెప్పాలి. విదేశాల్లో పిల్లలు సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. దాంతో 'రామ', 'రమ' ఒకటైపోతాయి, ల, ళ కలిసిపోతాయి. ఆరు నెలల్లో తెలుగు అక్షరాలు నేర్చుకోవాలని మొదటి రోజే షరతు పెట్టండి. అమ్మానాన్నలు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఆన్‌లైన్ పాఠంలో కలిసి పాడటం అసలు కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేయించండి. లేకపోతే అది శ్రుతిని ఫ్యాను చప్పుడనుకుని తుడిచేస్తుంది. శ్రుతి పెట్టె శిష్యుడి గదిలో ఉండాలి, మీ నుంచి వెళ్లే శ్రుతి తునకలు తునకలుగా వినబడుతుంది. మీరు పాడేటప్పుడు అటు మైకు ఆఫ్. తాళం వేసే చెయ్యి కెమెరాలో కనబడాలి. ఆ చేతిని ఆ గొంతుతోనే పోల్చండి, మీ చేతి తాళంతో కాదు.

మగపిల్లల గొంతు పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మారుతుంది. అప్పుడు చాలామంది సంగీతం మానేస్తారు, గొంతు పోయిందనుకుని. ముందే చెప్పి ఉంచండి. శ్రుతిని ఒక్కసారిగా ఐదు నుంచి ఒకటికి దించకండి, గొంతు ఎంత దిగితే అంత, అర మెట్టు చొప్పున. ఆ నెలల్లో తారస్థాయి పూర్తిగా మానేసి, మధ్యస్థాయిలో ఐదారు స్వరాల లోపే పాడించండి. మిగిలిన పాఠం సమయంలో తాళం ఐదు జాతుల్లో వేయించండి, స్వరం రాయించండి, పాత వర్ణాల ముక్తాయిలు లెక్క కట్టించండి. గొంతు రెండు నెలలపాటు ఒకేచోట నిలబడ్డాక పైన చెప్పిన మూడు శ్రుతుల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయించండి.